కాంటి చెప్పని మాట

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిగినా, తెలుగు మాధ్యమం గురించి వాదం రేగినా, విదేశంలో తెలుగు సంఘం వారి సభలో స్వాగతోపన్యాసం మొదలైనా ఒక వాక్యం తప్పక వినబడుతుంది. 15వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన నికోలో కాంటి అనే ఇటలీ యాత్రికుడు తెలుగు విని ముగ్ధుడై, ఈ భాష ‘తూర్పుదేశపు ఇటాలియన్’ అన్నాడట. ఇటాలియన్ మాటలలాగే తెలుగు మాటలూ అచ్చుతో ముగుస్తాయి కనుక అలా అన్నాడని కారణం కూడా వెంటనే చెబుతారు. తెలుగు వ్రాతలు జాలంలో మొలకెత్తిన తొలి రోజులలో ఈ వాక్యాన్ని నుదుట ధరించని పుట అరుదు. మీలో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది.

చదివిన పుస్తకాల గురించీ, చూసిన సినిమాల గురించీ నాలుగు మాటలు వ్రాసుకోవడం నాకు అలవాటు. వాటిలో ఇటలీ ప్రసక్తి ఉంటే మరికాస్త ఇష్టంగా చదువుతాను. కనుక ఈ పొగడ్తను కూడా సమీక్షకుని పద్ధతిలోనే చూడాలనిపించింది. ఒక మాట ఫలానా పుస్తకంలో ఉన్నదని లోకం అంటున్నప్పుడు, ఆ మాటను పక్కనబెట్టి ముందు ఆ పుస్తకాన్ని చదవాలి. ఇక్కడ ఆ పుస్తకం కాంటి యాత్రావృత్తాంతం.

కాంటి స్వస్థలం వెనిస్ దాపున ఉన్న కియోజ్జా. వర్తకుడు. డమాస్కస్‌లో కొంతకాలం ఉండి అరబ్బీ నేర్చుకున్నాడు, తరువాత పారసీకమూ నేర్చాడు. ఆ భాషల ఆసరాతో, ఆ దేశాల వేషంతో, ముస్లిం వర్తకుల వెంట తూర్పుకు ప్రయాణం కట్టాడు. గుజరాతు తీరం, దక్షిణాపథం, సింహళం, సుమత్రా, బర్మా, జావా చూసి దాదాపు పాతికేళ్ళ తరువాత స్వదేశం చేరాడు. మార్గమధ్యంలో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు కలిగారు. తిరిగి వస్తూ, తన ప్రాణం కంటె భార్యాపిల్లల ప్రాణాలకు భయపడి మతం మార్చుకోవలసి వచ్చింది. ఇంతా చేసి ఆ భార్యనూ, ఇద్దరు పిల్లలనూ ఈజిప్టులో మహమ్మారి పొట్టన పెట్టుకున్నది.

ఇటలీ చేరిన కాంటి, మతం విడిచిన దోషానికి క్షమాపణ కోరుతూ పోప్ నాలుగవ యూజీనియస్‌ను ఆశ్రయించాడు. తిరిగిన దేశాల విశేషాలను పోప్ కార్యదర్శి పోజో బ్రాచోలీనికి ఉన్నవి ఉన్నట్టు చెప్పడమే అతనికి విధించిన ప్రాయశ్చిత్తమని ప్రసిద్ధి. ఈ పోజో సామాన్యుడు కాడు. మఠాల అటకల మీద మరుగునపడిన ప్రాచీన లాటిన్ గ్రంథాలను వెదికి తీసినవాడు. లుక్రీషియస్ కావ్యాన్ని 1417లో పట్టుకున్నది ఈయనే. కాంటి చెప్పినదంతా విని, అదృష్టపు నిలకడలేనితనం గురించి తాను లాటిన్‌లో వ్రాస్తున్న గ్రంథానికి నాలుగవ భాగంగా కూర్చాడు. ఆ భాగం 1448 నాటికి పూర్తయింది. అంటే మన చేతికి వచ్చినది కాంటి స్వహస్తంతో వ్రాసినది కాదు. అతడు చెప్పగా మరొకరు, మరొక భాషలో వ్రాసినది.

ఆ పాఠం తరువాత చేసిన ప్రయాణం కూడా కాంటి ప్రయాణం లాంటిదే. లాటిన్ మూలం 1492లో అచ్చయింది. 1502లో లిస్బన్‌లో పోర్చుగీసు అనువాదం వెలువడింది. 1550లో వెనిస్‌లో రముజియో తన యాత్రాసంపుటిలో దీనిని చేర్చదలచి, లాటిన్ ప్రతి దొరకక, పోర్చుగీసు నుండి ఇటాలియన్‌లోకి అనువదింపజేశాడు. వెనిస్ వాడు చెప్పిన కథ వెనిస్‌కు తిరిగి రావడానికి లిస్బన్ చుట్టి రావలసివచ్చింది! ఆంగ్లంలో దీనిని వింటర్ జోన్స్ అనువదించగా, 1857లో హాక్లూట్ సంఘం వారు ‘పదిహేనవ శతాబ్దపు భారతదేశం’ అనే సంపుటిలో ప్రకటించారు. మన చరిత్రకారులు ఎక్కువగా వాడుకున్నది ఈ ప్రతినే.

ఇక పుస్తకంలో ఏమున్నది? 1420 ప్రాంతంలో తాను చూసిన విజయనగరాన్ని కాంటి ‘బిజెనెగాలియా’ అంటాడు. కొండల పాదాల వద్ద ఉన్నదనీ, చుట్టుకొలత 60 మైళ్ళనీ, ఆయుధం పట్టగలవారు 90,000 మంది ఉన్నారనీ చెబుతాడు. రాజుకు 12,000 మంది భార్యలంటాడు. సంఖ్యల విషయంలో ఆ కాలపు యాత్రికులందరిలాగే ఇతనికీ చేయి పెద్దది.

పండుగల దగ్గర మాత్రం కాంటి నిజంగా కళ్ళతో చూసినవాడు. ఏడాదికొకసారి ఆడా మగా, పిల్లా పెద్దా నదిలోనో సముద్రంలోనో స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకుని మూడు రోజులు ఆటపాటలతో, విందులతో గడుపుతారట. మరొక పండుగనాడు గుళ్ళలోనూ, ఇళ్ళ కప్పుల మీదా నువ్వులనూనె దీపాలు రాత్రింబగళ్ళు వెలుగుతాయట. ఇంకొకటి తొమ్మిది రోజుల పండుగ. ఓడ స్తంభాలవంటి దూలాలను రాజమార్గాలలో నిలబెట్టి, బంగారుపోగులు నేసిన వస్త్రాలు వ్రేలాడదీస్తారట. మూడు రోజులపాటు దారిన పోయేవారి మీద, రాజూ రాణీ అన్న తేడా లేకుండా, కుంకుమపూరంగు నీళ్ళు చల్లి నవ్వుకునే పండుగ కూడా ఉన్నది. దీపావళినీ, మహర్నవమినీ, వసంతోత్సవాన్నీ పోల్చుకోవడానికి మనకెవరూ వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు.

విజయనగరానికి ఉత్తరంగా పదిహేను రోజుల దూరంలో వజ్రాల కొండ ఉన్నదని కూడా చెప్పాడు. కొండ నిండా పాములు. పక్కనున్న ఎత్తైన కొండ మీది నుండి మాంసఖండాలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయట, పక్షులు వాటిని ఎత్తుకుపోతే మనుషులు వెంబడించి వజ్రాలు ఏరుకుంటారట. ఈ కథ అప్పటికే పాతది. అంతకు నూట యాభై ఏళ్ళ మునుపు మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ మార్కో పోలో ఇదే చెప్పాడు. అంటే, కాంటి కూడా కొన్నిటిని చూశాడు, కొన్నిటిని విన్నాడు.

మరి తెలుగు? పుస్తకం మొత్తంలో తెలుగు అనే పేరు లేదు. ఇటాలియన్‌తో ఏ భాషకూ పోలిక లేదు. అచ్చుల ఊసు లేదు. భాషల గురించి అతడు చెప్పినవి రెండు మూడు వాక్యాలే. ఖంభాతు వారొక్కరే కాగితం వాడతారనీ, తక్కిన భారతీయులు చెట్టు ఆకుల మీద వ్రాసి అందమైన పుస్తకాలు చేస్తారనీ అంటాడు. మనవాళ్ళు ఎడమ నుండి కుడికీ, కుడి నుండి ఎడమకూ కాక పై నుండి కిందికి వ్రాస్తారంటాడు. ఇది పొరపాటు. తాటాకును నిలువుగా పట్టుకుని చూసినవాడికి అలా అనిపించినా ఆశ్చర్యం లేదు. చివరగా, భారతీయులలో ఎన్నో భాషలు, ఎన్నో మాండలికాలు వాడుకలో ఉన్నాయని చెప్పి ఆ ప్రసక్తి ముగిస్తాడు. అంతే.

అయితే ఆ పోలిక గాలిలో పుట్టలేదు. అది 19వ శతాబ్దపు ఆంగ్లేయుల వ్రాతలలో కనబడుతుంది. తెలుగు జిల్లాలలో కొలువు చేసిన ఉద్యోగులు, మిషనరీలు, వ్యాకరణకర్తలు తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని పిలవడం అప్పటికే పరిపాటి. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించిన కాల్డ్వెల్ కూడా శ్రావ్యతలో తెలుగుకే మొదటి పీట వేశాడు. ఆనాటి చదువుకున్న ఆంగ్లేయుడికి ఇటాలియన్ అంటే సంగీత నాటకాల భాష, విహారయాత్రల భాష. తీయగా వినబడిన దేనినైనా దానితో పోల్చడం వారి వాడుక. ఊరూ పేరూ లేని ఆ పోలికకు మన ఉపన్యాసాలలో ఒక యాత్రికుని పేరు అతుక్కున్నది. దొరగారి మెచ్చుకోలు కంటె నాలుగు వందల ఏళ్ళ ముందు ఇటలీవాడే స్వయంగా మెచ్చుకున్నాడంటే ఘనత హెచ్చు కదా! పైగా అది విజయనగర వైభవకాలం.

ఆ పోలికలో పస లేదని నేననడం లేదు. ఉన్నది. లాటిన్ నుండి ఇటాలియన్ ఏర్పడిన తీరు చూస్తే, సంస్కృతం నుండి ప్రాకృతాలు ఏర్పడిన తీరు జ్ఞాపకం వస్తుంది. లాటిన్‌లో రాత్రి ‘నోక్తెం’, ఇటాలియన్‌లో ‘నొత్తె’. పాలు ‘లాక్తెం’, అది ‘లాత్తె’ అయింది. ఎనిమిది ‘ఓక్తో’, అది ‘ఒత్తో’ అయింది. మన భక్తి ‘బత్తి’ అయినట్టు, అగ్ని ‘అగ్గి’ అయినట్టు, అక్కడా సంయుక్తాక్షరం కరిగి ద్విత్వం మిగిలింది, చివరి హల్లు రాలి అచ్చు మిగిలింది. ద్విత్వం ఉన్నదా లేదా అన్నదానిని బట్టి అర్థం మారడం కూడా ఉభయులకూ సమానమే. మనకు గడి వేరు, గడ్డి వేరు. వారికి ‘పాలా’ అంటే పార, ‘పల్లా’ అంటే బంతి.

ఎరువు తెచ్చుకున్న మాటల దగ్గర మనం వారిని మించిపోయాం. ఆంగ్లం నుండి వారు ‘ఫిల్మ్’, ‘బార్’, ‘స్పోర్ట్’, ‘కంప్యూటర్’ తెచ్చుకుని హల్లుతోనే ఉంచుకున్నారు. మనం బస్సుకూ, బారుకూ, రోడ్డుకూ, కంప్యూటరుకూ ఒక ఉకారం తగిలించి ఇంట్లో కలుపుకున్నాం. అసలు భారతీయ భాషకూ ఇటాలియన్‌కూ గల పోలికను గమనించి వ్రాసిన ఇటలీవాడు మరొకడున్నాడు. ఫ్లోరెన్సుకు చెందిన ఫిలిప్పో సస్సెట్టి 1580లలో కొచ్చిన్, గోవాలలో వర్తక వ్యవహారాలు చూస్తూ ఇంటికి ఉత్తరాలు వ్రాశాడు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అనే అంకెలకూ, దేవునికీ, పాముకూ తన భాషలో ఉన్న మాటలు సంస్కృతంలోని మాటలను పోలి ఉన్నాయని వాటిలో గుర్తించాడు. సప్తకు ‘సెత్తె’, నవకు ‘నోవె’, సర్పానికి ‘సెర్పె’. భాషాకుటుంబాల సిద్ధాంతం పుట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందు పలికిన మాట ఇది. 1588లో గోవాలోనే కన్నుమూశాడు. ఇతని పేరు మన సభలలో వినబడదు. ఇతడు పొగడలేదు, పోల్చి చూశాడు. అందుకే కాబోలు.

తెలుగుదేశపు గతిని కళ్ళారా చూసిన వెనిస్ వర్తకుడు ఇంకొకడు చేజారే ఫెదెరీచీ. 1565 నాటి యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన రెండేళ్ళకు, 1567లో, అక్కడికి వచ్చి, దారులలో దొంగల భయం వల్ల ఏడు నెలలు చిక్కుబడిపోయాడు. నగరం పూర్తిగా నేలమట్టం కాలేదనీ, ఇళ్ళు నిలిచే ఉన్నాయనీ, కాని ఖాళీగా ఉండి వాటిలో పులులూ ఇతర మృగాలూ తిరుగుతున్నాయనీ వ్రాశాడు. కాంటి చూసిన దీపాలను, ఫెదెరీచీ చూసిన ఖాళీ ఇళ్ళను పక్కపక్కన పెట్టి చదివితే, పోజో తన గ్రంథానికి పెట్టుకున్న శీర్షిక ఎంత తగినదో తెలుస్తుంది.

సరే, ఇప్పుడు ఆ పొగడ్తలోని రెండవ మాటను చూద్దాం. తెలుగు ఇటాలియన్ వంటిదంటే, ఏ ఇటాలియన్ వంటిది?

కాంటి ఇంటి భాష ఇటాలియన్ కాదు, వెనిస్ ప్రాంతపు భాష. ఆ భాషలో న, ల, ర ల తరువాత వచ్చే చివరి అచ్చు తరచుగా రాలిపోతుంది. పుస్తకాల ఇటాలియన్‌లో రొట్టె ‘పానె’ అయితే వెనిస్‌లో ‘పాన్’. కుక్క ‘కానె’ అయితే అక్కడ ‘కాన్’. ద్రాక్షసారాయి ‘వీనో’ అయితే అక్కడ ‘విన్’. అంటే, అచ్చుతో ముగియడమే మన భాష అందమని కాంటి చేత చెప్పిస్తున్నాం గాని, అతని తల్లి అతనికి రొట్టె పెట్టినప్పుడు పలికిన మాట పొల్లుతో ముగిసేది!

ఇటలీలో భాష అన్నది మొదటి నుంచీ తగవే. డాంటే 14వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, దేశభాషలలో వాక్పటిమ గురించి లాటిన్‌లో ఒక గ్రంథం మొదలుపెట్టి, ఇటలీలో కనీసం 14 వాడుకభాషలు ఉన్నాయని లెక్కగట్టి, ఒక్కొక్కదానినే పరీక్షించాడు. అది ఒక రకంగా భాషల మీద సమీక్షే. రోమువారి పలుకు అన్నిటిలోకీ వికారమన్నాడు. తన సొంత టస్కనీ వారిని కూడా వదలలేదు. ఏ ఊరి భాషా దానంతటదిగా ఉత్తమం కాదని తేల్చాడు. 1525లో పియెత్రో బెంబో, తాను వెనిస్ వాడై ఉండి, పద్యానికి పెట్రార్కునూ గద్యానికి బొకాచోనూ ప్రమాణం చేశాడు. ఇద్దరూ అతనికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందటి వారు, ఫ్లోరెన్సు భాషలో వ్రాసినవారు. మిలాను నవలాకారుడు మంజోని అప్పటికే అచ్చయిన తన మహానవలను ఫ్లోరెన్సు పలుకుబడికి తగినట్టు దిద్ది 1840–42లో మళ్ళీ ప్రకటించాడు. 1861లో దేశం ఒక్కటైన నాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవారు నూటికి రెండున్నర మందేనని భాషాచరిత్రకారుడు తుల్లియో దె మౌరో అంచనా. కాస్త ఉదారంగా లెక్కించిన కాస్తెల్లాని అంచనాలో కూడా ఆ సంఖ్య నూటికి పది దాటలేదు. తక్కినవారందరూ సిసిలీ, నేపుల్స్, వెనిస్, పియెమాంటు భాషలలో బ్రతుకుతున్నారు.

ఈ సంగతి పుస్తకాల కంటె బాగా చెప్పిన సినిమా ఒకటి ఉన్నది. లుకీనో విస్కాంతి 1948లో తీసిన ‘లా తెర్రా త్రేమా’, అనగా ‘నేల కంపిస్తున్నది’. సిసిలీ తీరంలోని ఆచీ త్రెత్జా అనే బెస్తపల్లెలో, అక్కడి బెస్తలనే నటులుగా పెట్టి తీసినది. మూలం వెర్గా 1881లో వెలువరించిన నవల. టోకు వ్యాపారుల దోపిడీని ఎదిరించి, ఇల్లు తాకట్టు పెట్టి సొంతంగా చేపలు పట్టబోయిన ఒక కుటుంబం, తుఫానులో పడవ దెబ్బతిని, ఇల్లు పోగొట్టుకుని, చివరకు ఆ వ్యాపారుల వద్దనే కూలికి కుదరడం కథ. ఇందులో పాత్రలు తమ పల్లె భాషనే మాట్లాడతాయి. సిసిలీలో పేదల భాష ఇటాలియన్ కాదని సినిమా ఆరంభంలోనే ప్రకటించారు. తక్కిన ఇటలీ ప్రేక్షకులకు అర్థం కాదని, వెనుక నుండి ఇటాలియన్‌లో వ్యాఖ్యానం చేర్చవలసి వచ్చింది. ఇటలీ వారి సినిమా ఇటలీ వారికే దుబాసీతో! సినిమా నిదానంగా నడుస్తుంది, నిడివి కూడా ఎక్కువే. కాని పడవల కోసం రాళ్ళ మీద నిలబడి సముద్రం వంక చూసే నల్లచీరల స్త్రీలను చూసినవారు మరచిపోలేరు. వారి మాట అర్థం కాకపోయినా బాధ అర్థమవుతుంది. శ్రావ్యత అనే కొలబద్దతో ఆ భాషను కొలవాలని ఎవరికీ తోచదు.

ఈ సినిమా నాకు దగ్గరగా అనిపించడానికి నేనుండే చోటు ఒక కారణం. మా జల్‌పల్లి పేరులోనే ఒక పొల్లు ఉన్నది. యూనికోడులో తెలుగు వ్రాయడం నేర్చుకున్న తొలి రోజులు మీకు జ్ఞాపకమే కదా. ల కింద పొల్లు పెట్టి ప కొడితే యంత్రం ఆ రెంటినీ అతికించి ప వత్తు ఇచ్చి, ఊరి పేరును వేరొకటి చేసి చూపుతుంది. ఆ రెంటి నడుమ కంటికి కనబడని ఒక గుర్తును ఉంచితే గాని జల్‌పల్లి జల్‌పల్లిగా నిలబడదు. మా చుట్టుపక్కల పలుకుబడులన్నీ ఇలాంటివే. పహాడీ షరీఫ్, బార్కస్, శంషాబాద్, ఫలక్‌నుమా. దక్కనీ ఉర్దూ, తెలుగు నాలుగు వందల ఏళ్ళకు పైగా ఒకే బజారులో బేరమాడుకున్న చోటు ఇది. అచ్చుతో ముగియడమే తెలుగుతనానికి గీటురాయి అయితే, మా వీధి తెలుగు ఆ పరీక్షలో కొంచెం తక్కువ మార్కులతో బయటపడుతుంది.

ఇది తమాషాకు అంటున్న మాట కాదు. తెలుగు తీయదనం గురించి చేసిన ఉపన్యాసాల వెనుక, ఏ తెలుగు తీయన, ఏది మోటు అనే తీర్పు కూడా నడిచింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరుల భాష పత్రికలకూ పాఠాలకూ ప్రమాణమైంది. తెలంగాణ పలుకును ఉర్దూ కలిసిన ‘తౌరక్యాంధ్రం’ అని ఈసడించినవారున్నారు. సినిమాలలో అది చాలాకాలం హాస్యగానికీ, రౌడీకీ దక్కిన భాష. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు పూనికతో 1979లో తయారైన ‘మా భూమి’ వచ్చినప్పుడు, కష్టజీవి కథానాయకుడు తన పల్లె తెలుగులో తన కష్టం చెప్పుకోగలడని వెండితెర మీద రుజువైంది. దర్శకుడు బెంగాలీ, మూలం ఉర్దూ, భాష తెలంగాణం. ‘లా తెర్రా త్రేమా’నూ ‘మా భూమి’నీ ఒక వారంలో వరుసగా చూడమని నా సలహా. ఒకటి సముద్రం మీది కథ, ఒకటి నేల మీది కథ. రెంటిలోనూ పీడన మీది తిరుగుబాటు ఎంత ముఖ్యమో, తిరగబడ్డవారు ఏ భాషలో మాట్లాడతారన్నదీ అంతే ముఖ్యం.

అచ్చుతో ముగియడం అన్న వాదన మన కావ్యాల ముందు కూడా నిలవదు. వచ్చెన్, చూచెన్, రాజుల్, జనుల్ అని మన పద్యం ఎన్నిసార్లు పొల్లు మీద వాలి ఊపిరి తీసుకుంటుంది! ఇటాలియన్ పాటలో కూడా అంతే. ప్రేమకు ‘అమోరె’ అనేది ‘అమోర్’ అవుతుంది, పువ్వుకు ‘ఫియోరె’ అనేది ‘ఫియోర్’ అవుతుంది. తీయనివని పేరుపడ్డ రెండు భాషలలోనూ కవులు అవసరమైనచోట ఆ తీపిని విరిచారు. భాష శక్తి ఆ వెసులుబాటులో ఉన్నది.

ఇటలీ మీది మోజు మా పాతనగరానికి కొత్తది కాదు. ఫలక్‌నుమా మహలుకు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి ఇటలీ పాలరాయి తెప్పించాడు. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాదియో పోకడ అందులో ఉన్నదంటారు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా శిల్పాన్ని కొన్నాడు. నేటికీ మ్యూజియంలో దాని ముందు గుంపు తరగదు. రాతిలోనే పలుచని మేలిముసుగు, ఆ ముసుగు వెనుక ముఖం, రెండూ కనబడేట్టు చెక్కిన పనితనం అది. ఇవి డబ్బిచ్చి తెచ్చుకున్న ఇటలీ. అందులో తప్పేమీ లేదు, చూసి ఆనందిస్తున్నాం. కాని కాంటి పేరిట మనం తెచ్చుకున్నది ఇటలీ కూడా కాదు. ఇటలీ ముద్ర వేసిన ఆంగ్లేయుల మెచ్చుకోలు.

ఎవరో మెచ్చుకోవాలన్న ఈ ఆరాటానికి మన దగ్గరే ఒక మంచి విరుగుడు ఉన్నది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న ఆక్షేపణ వచ్చినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డిగారు ఏ యాత్రికుని సాక్ష్యాన్నీ వెదకలేదు. తన ‘గోలకొండ పత్రిక’ ద్వారా ఊరూరి నుండి కవుల వివరాలు రప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించారు. వారిలో మహాకవులు ఎందరు అన్నది వేరే ప్రశ్న. పేరు, ఊరు, పద్యం చూపించారు. ఆ తరువాత ఆ ఆక్షేపణ చేయడానికి ఎవరికీ నోరు రాలేదు. పొగడ్త ఎంతమంది నోళ్ళలో తిరిగినా ఇలాంటి పని చేయలేదు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు కృష్ణదేవరాయలు కూడా, తెలుగులోనే ఎందుకు వ్రాస్తున్నదీ ‘ఆముక్తమాల్యద’లో ఆంధ్రవిష్ణువు నోట చెప్పించుకున్నాడు గాని, తన కొలువుకు వచ్చిన విదేశీయులను అడగలేదు.

ఈ పంక్తులు వ్రాస్తున్న శిష్ట భాష కూడా మా వీధి భాష కాదని చదువరులు గమనించే ఉంటారు. పుస్తకాల వల్ల అబ్బిన భాష ఇది. బెంబో వంటి వెనిస్ వాడు ఫ్లోరెన్సు భాషలో వ్రాసినట్టు, నేనూ వ్రాస్తున్నాను. దానిపై నాకు ప్రేమే ఉన్నది. అయితే ఆ ప్రేమ కోసం ఇంటి పలుకును చిన్నచేసుకోనక్కరలేదని ఇటలీ చరిత్ర చదివినకొద్దీ గట్టిపడింది. ఇటలీలో నేటికీ వెనిస్ వాడు ఇంట్లో వెనిస్ భాష, సిసిలీ వాడు సిసిలీ భాష మాట్లాడుకోవడం కద్దు. ఇటాలియన్ అందువల్ల చెడిపోలేదు.

కాంటి పుస్తకానికి నా సమీక్ష చివరి మాట. తప్పక చదవదగినది. సంఖ్యలను నమ్మకండి, పండుగలను నమ్మండి, వజ్రాల కొండను కథగా చదువుకోండి. అందులో మనవాళ్ళ గురించి ఒక చమత్కారం కూడా ఉన్నది. భారతీయులు తమకు రెండు కళ్ళున్నాయనీ, ఫిరంగీలకు ఒక కన్నే ఉన్నదనీ, తక్కిన జాతులన్నీ గుడ్డివనీ చెప్పుకునేవారట. పరాయివాడు మెచ్చుకుంటే తప్ప మన విలువ తెలియని బెంగ ఆనాటివారికి ఉన్నట్టు లేదు!

ఇంతకూ, తెలుగు గురించి కాంటి మాట ఒకటి సభలో చదవక తప్పదనుకునేవారు, అతడు నిజంగా అన్నదే చదవవచ్చు. ఈ దేశంలో ఎన్నో భాషలు, ఎన్నో మాండలికాలు ఉన్నాయన్నాడు. దానికి చప్పట్లు పడవేమో గాని, మా జల్‌పల్లి పొల్లుకు అందులో చోటున్నది.